మీకు తెలుసా? మన ‘జ్ఞా’ దెబ్బకు ఐఫోన్లు మూర్ఛపోయాయి!

మా ఊరి పేరులోనే సున్న ఉంది! సున్నిపెంట! ఇంకో ‘ఒకటి’ ఎక్కడైనా దొరికితే కంప్యూటర్ చేసేసుకోవచ్చు! నవ్వకండి! కంప్యూటర్‌కు వచ్చిన అంకెలు 2 మాత్రమే. సున్న, ఒకటి. పాటలూ సినిమాలూ ఉత్తరాలూ అన్నీ వాటితోనే! అందులో ఒక్కటి అటు ఇటైనా సిస్టమ్ పిచ్చిపిచ్చిగా చేస్తుంది. మనమేమో దిష్టి తగిలిందంటాం. గాలి సోకిందంటాం! ఆ గాలి ఎక్కణ్నుంచి వీస్తుందో తెలుసా? కుర్చీ ఇలా లాక్కోండి, చెబుతా!

మా పక్కనే శ్రీశైలం డ్యామ్. కుడి గట్టు పవర్‌హౌస్ ఒక్కటే 770 మెగావాట్లు! అంత కరెంటు పక్కనే పుడుతున్నా, మీ కంప్యూటర్ కూలిపోవాలంటే ఎంతసేపు కరెంటు పోవాలి? గంటా? నిమిషమా? ఒక సెకనును వెయ్యి ముక్కలు చేయండి. అందులో 16, 17 ముక్కలు చాలు! రెప్ప వేసేంత సేపు కూడా అక్కర్లేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. బల్బు మిణుక్కుమంటుందంతే. సిస్టమ్ మాత్రం ఢమాల్! “కరెంటు పోలేదే!” అని మీరు ఆశ్చర్యపోతారు. పోయింది! మీరు చూడలేదు!

సిస్టమ్ డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే లైటు వెలుగుతోందా? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటర్ పెట్టించండి. చాలాసార్లు 230 చూపించదు. ఇంచుమించు 115 వోల్టులు చూపిస్తుంది. సగానికి సగం! పవర్ సప్లైలోని రెండు బుల్లి కెపాసిటర్లు చేసే పంపకం అది. ఇంటి ఎర్త్ పనిచేయడం లేదని కంప్యూటర్ మీకు పంపుతున్న కబురు! మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు ఏదైనా ఉందేమో చూసుకోండి. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో గుర్తు తెచ్చుకోండి!

చలికాలం నైలాన్ చొక్కా విప్పుతుంటే చిటపటలు వినిపిస్తాయి కదా! ఆ కరెంటు మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అందులో ఇసుమంత చాలు, సున్నితమైన చిప్పు చచ్చిపోతుంది! చప్పుడు లేదు. పొగ లేదు. మీకు తెలియనే తెలియదు! అందుకే తెలిసిన మెకానిక్ ముందు డబ్బా ఇనుమును తాకి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెడతాడు. దండం పెట్టుకుంటున్నాడని అనుకునేరు!

నంద్యాల ఎండ సంగతి మీకు చెప్పాలా? అంతకు రెట్టింపు వేడి మీ కంప్యూటర్ పొట్టలో ఉంటుంది! చాలా ప్రాసెసర్లకు లక్ష్మణరేఖ 100 డిగ్రీలు. నీళ్లు తెర్లే వేడి! ఆ గీత తాకగానే ప్రాసెసర్ నడక తగ్గిస్తుంది. అయినా వేడి దిగకపోతే తనను తానే ఆర్పేసుకుంటుంది! పిల్లవాడి ఆట సరిగ్గా మజా వచ్చే చోటే ఆగిపోయేది అందుకే. వైరస్ కాదండీ! ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న దుమ్ము!

స్కూలు పిల్లల రబ్బరుతో కంప్యూటర్ బాగవుతుందంటే నమ్ముతారా? బాగవుతుంది! ఇప్పటి డెస్క్‌టాప్ ర్యామ్ బద్దకు 288 కాళ్లు. అన్నింటికీ బంగారు పూత! వాటిలో ఒక్క కాలికి మకిలి పట్టినా సిస్టమ్ లేవకపోవచ్చు. బీప్ బీప్ అని ఏడుస్తుందంతే. తీసి, మెల్లగా రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, మళ్లీ బిగిస్తే లేచి కూర్చుంటుంది! మంత్రం ఏమీ లేదు. మురికి పోయింది, అంతే!

రోజూ పొద్దున్నే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందా? బ్యాంకు సైటు తెరవనని మొరాయిస్తోందా? దోషం బ్యాంకుది కాదు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోయింది! పేరు సీఆర్ 2032. ఆ పేరులోనే కొలత దాగుంది, చూడండి! 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు! తేదీ తప్పయితే సైట్ల తాళాల గడువులు కంప్యూటర్‌కు అర్థం కావు. అన్నీ దొంగ సైట్లే అనుకుంటుంది పాపం!

మదర్‌బోర్డు మీద బుల్లి డ్రమ్ముల్లాంటివి ఉంటాయి కదా! అవి పూరీల్లా పొంగితే? అయిపోయినట్టే! 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా ఆ డ్రమ్ములు పొంగాయి, కారాయి, పేలాయి! కారణం నాసిరకం కెపాసిటర్లు. 2005లో డెల్ కంపెనీ ఈ మరమ్మతుల కోసమే 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకుంది! ఓ చిటికెన వేలంత డ్రమ్ము ఖర్చు అది!

నంద్యాల చుట్టూ నందులు ఎన్ని? 9! అందరికీ తెలిసిందే. కంప్యూటర్‌లోనూ నవనందులు ఉన్నాయి, ఇది తెలుసా? ఒక బైట్ అంటే 8 బిట్లు. పెద్ద పెద్ద సర్వర్ల ర్యామ్‌లో ఆ 8కి తోడుగా తొమ్మిదోది ఒకటి కాపలా కూర్చుంటుంది! ఎనిమిదింటిలో ఏది తిరగబడినా పట్టేస్తుంది! మరి మన ఇంటి కంప్యూటర్‌లో? ఆ తొమ్మిదో నంది ఉండదు. డబ్బు ఆదా కోసం తీసేశారు! నన్నడిగితే అది పిసినారితనమే!

మీ బొటనవేలి గోరు చూసుకోండి. ఇది చదివేలోగా దాని గుండా అంతరిక్షపు కణం ఒకటి దూసుకుపోయి ఉంటుంది! నిమిషానికి సుమారు 1! ఎక్కడో చుక్కల లోకంలో మొదలైన వాన ఇది! మనకు చురుక్కుమనదు. ఇలాంటి వానలోని కణం ఏదైనా ర్యామ్‌కు సరిగ్గా తగిలితే మాత్రం సున్న కాస్తా ఒకటైపోతుంది!

కథలు చెబుతున్నాననుకుంటున్నారా? 2003లో బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. ఒక అభ్యర్థికి వచ్చిన ఓట్లు చూసి అధికారుల కళ్లు తిరిగాయి. ఉండాల్సిన దానికంటే 4,096 ఎక్కువ! ఆ అంకె మామూలుది కాదు. రెండును పన్నెండుసార్లు హెచ్చవేస్తే సరిగ్గా అంతే! అంటే ఒకే ఒక్క బిట్ తిరగబడింది! తనిఖీలో యంత్రం తప్పు దొరకలేదు. సాఫ్ట్‌వేర్ తప్పూ దొరకలేదు. చివరికి అనుమానం ఆకాశం మీదికి పోయింది! మనకు ఓట్లు కొనేవాళ్లు తెలుసు. పైనుంచి రాలే ఓట్లు చూశామా?

ర్యామ్ ఎంత నమ్మకస్తురాలో 2009లో గూగుల్ వాళ్లు తమ సర్వర్లలో లెక్క తీశారు. ఏడాది తిరిగేసరికి నూటికి 8కి పైగా ర్యామ్ బద్దలు కనీసం ఒక్క తప్పైనా చేశాయి! అందుకే ఉన్నట్టుండి సిస్టమ్ ఆగితే వెంటనే విండోస్ మళ్లీ ఎక్కించకండి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ అని ఒక పరీక్ష ఉంది. ఊరికే వస్తుంది. ముందు అది చేయండి!

పాట పాడితే వాన కురుస్తుందంటారు. పాట పాడితే ల్యాప్‌టాప్ చస్తుందా? చచ్చింది! జానెట్ జాక్సన్ పాడిన ‘రిథమ్ నేషన్’ వినిపిస్తే ఒకప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు ఠక్కున ఆగిపోయేవి! వాటిలోని హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. ఆ పాటలోని ఏదో స్వరానికి డిస్క్ ఒళ్లంతా వణికిపోయేది! ఇంకా చిత్రం వినండి. పాట మోగుతున్న ల్యాప్‌టాప్ మాత్రమే కాదు, పక్కన ఊరికే ఉన్న ల్యాప్‌టాప్ కూడా పడిపోయేది! చివరికి తయారీదారు ఆ స్వరాన్నే వడకట్టి పారేశాడు!

2008లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు ఇంకో అడుగు ముందుకేశాడు. డిస్కుల బీరువా దగ్గరికి వెళ్లి నోరారా అరిచాడు! అంతే! తెర మీద గ్రాఫ్ ఎగిరి గంతేసింది. అరుపుకు డిస్కులు బెదిరి పని నెమ్మదించాయి! పెళ్లి డీజే పక్కన పాత హార్డ్ డిస్క్ పెట్టకండి మరి!

ఫొటో తీస్తే సిగ్గుతో ముడుచుకుపోయే కంప్యూటర్ ఉందంటే? ఉంది! రాస్ప్‌బెర్రీ పై 2! మూరెడు కూడా ఉండని బుల్లి కంప్యూటర్. 2015లో అది బయటికి రాగానే అభిమానులు ముచ్చటపడి ఫొటోలు తీశారు. ఫ్లాష్ మెరిసింది. అది ఆగిపోయింది! మళ్లీ తీశారు. మళ్లీ ఆగింది! పైన కప్పు లేని ఓ చిప్పుకు ఆ వెలుగు తగిలి తికమకపడేది. మందు? చిప్పు మీద ఓ మెత్తని బంకముద్ద!

బుడగల్లో నింపే హీలియం తెలుసుగా! 2018లో అమెరికాలోని ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం దగ్గర అది లీకైంది. సుమారు 40 ఆపిల్ ఫోన్లు, వాచీలు చచ్చిన చేపల్లా తేలాయి! ఆండ్రాయిడ్ ఫోన్లకు చీమ కుట్టినట్టు కూడా లేదు! ఆపిల్ లోపలి బుల్లి గడియారంలోకి హీలియం దూరింది మరి. కొన్నాళ్లకు గాలి మారి చాలా వాటికి ప్రాణం తిరిగొచ్చింది!

ఇంకోటి! వేల్స్ దేశంలో అబెర్‌హోసన్ అనే పల్లె. రోజూ ఉదయం 7 కాగానే ఊరు ఊరంతటికీ ఇంటర్నెట్ చచ్చిపోయేది! ఏడాదిన్నర పాటు ఇదే గోల! తీగలు మార్చారు. మళ్లీ అదే! చివరికి ఇంజనీర్లు తెల్లవారుజామున యాంటెన్నా పట్టుకుని వీధుల్లో తిరిగారు. దొంగ దొరికింది! ఓ ఇంట్లో పాత టీవీ! పొద్దున్నే స్విచ్ వేయగానే అది గాలిలోకి చెత్త తరంగాలు చిమ్మేది. ఇంటివాళ్లు సిగ్గుపడి మళ్లీ ఆ టీవీ పెట్టలేదట!

ఆస్ట్రేలియాలో పార్క్స్ టెలిస్కోప్ ఉంది. ఆకాశం వైపు చెవులు రిక్కించే మహా యంత్రం! దానికి 17 ఏళ్లపాటు అంతుపట్టని సంకేతాలు అప్పుడప్పుడూ వచ్చాయి. గ్రహాంతరవాసులా? కాదు! పనయ్యేదాకా ఆగలేక ఎవరో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు ముందే లాగేస్తున్నారు! అన్నం వేడి చేసుకునే తొందరలో విశ్వరహస్యం పుట్టింది! మీ ఇంట్లో ఓవెన్ తిరిగేటప్పుడు వైఫై నీరసించేదీ దాని నుంచి జారే తరంగాల వల్లే.

తీగ లేని మౌస్ ఉన్నట్టుండి కుంటుతోందా? బ్యాటరీ మార్చకండి, ఆగండి! పక్క పోర్టులో యూఎస్‌బీ 3 డిస్క్ గుచ్చారా? దాని నుంచి కారే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే! మౌస్ మాట్లాడేదీ అక్కడే! సంతలో చెవిలో గుసగుస చెప్పినట్టుంటుంది దాని పని. మౌస్ బుడిపెను తీసి దూరంగా ఉన్న పోర్టులో పెట్టండి. కుంటి మౌస్ పరుగెత్తుతుంది!

2 ల్యాప్‌టాప్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టారు. పైది తెరిచారు. వెంటనే నిద్రపోయింది! దెయ్యం కాదు, కింది దాని మూతలోని అయస్కాంతం! మూత మూశారని పైది భ్రమపడింది! అయస్కాంతపు పట్టీ ఉన్న వాచీ పెట్టుకుని టైప్ చేసినా ఇదే తంతు!

ఇప్పుడు అసలు సంగతి! గొంతు తగ్గించి చెబుతా! 2018 ఫిబ్రవరిలో దేశదేశాల్లో ఐఫోన్లు, ఐప్యాడ్లు, ఇళ్లలోని మ్యాక్ కంప్యూటర్లు టపటపా పడిపోయాయి! వైరస్ కాదు. బాంబు కాదు. ఒకే ఒక్క అక్షరం! అదీ ఏ భాషది? మనది! తెలుగుది! జ్ఞానంలో మొదటి అక్షరం! జ్ఞా!

చూడ్డానికి ఒక్క అక్షరమే. లోపల 5 ముక్కలు! జ. పొల్లు. ఞ. దీర్ఘం. లెక్కపెట్టారా? నాలుగే వచ్చాయి కదూ! ఐదోది కంటికి కనపడదు! ‘ఇక్కడ అతుక్కోవద్దు’ అని కంప్యూటర్‌కు చెప్పే గుప్త గుర్తు అది. ఞకూ దీర్ఘానికీ మధ్య అది దూరిందా, ఇక ఆ అక్షరాన్ని ఎలా గీయాలో ఆపిల్ సాఫ్ట్‌వేర్‌కు తోచేది కాదు. గుడ్లు తేలేసేది! భయపడకండి! నేను రాసిన జ్ఞాలో ఆ ఐదోది లేదు. మీ ఫోను క్షేమం!

దాని బరువెంతో తెలుసా? 15 బైట్లు! ఓ ఫొటోలో రవ్వంత కూడా కాదు! మన దేశంలో 89,000 రూపాయల నుంచి మొదలైన ఐఫోన్ టెన్ కూడా ఆ రవ్వకు తలవంచింది! మన ఒత్తులూ గుణింతాలూ దిద్దడానికి చిన్నప్పుడు మనమే ఏడ్చాం. ఐఫోన్ ఏడిస్తే తప్పేముంది!

ఆకతాయిలు ఊరుకుంటారా? వాట్సాప్‌లో పంపారు. ట్విట్టర్‌లో తమ పేరుకే తగిలించారు! ఆ పేరు కనపడ్డ ప్రతి ఐఫోన్‌లో యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత! మెసేజ్ వచ్చిందని పైన పట్టీలా చూపించినా చాలు, యాప్ ఏం ఖర్మ, ఫోను తెరే కుప్పకూలేది! తెలుగు ముక్క రాని వాళ్లు ప్రపంచమంతటా ఆ వారం తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్నారు. 1 అక్షరం, ఎంత ప్రచారం! నాకైతే కాస్త గర్వంగానే ఉంది!

ఆపిల్ పరుగు పరుగున మందు తెచ్చింది. ఫిబ్రవరి 19న ఒకే రోజు ఫోనుకూ, మ్యాక్‌కూ, వాచీకీ, టీవీకీ కొత్త అప్‌డేట్లు! మన ఒక్క అక్షరం కోసం 4 రకాల యంత్రాలకు మందు! అన్నట్టు, బెంగాలీ అక్షరాల్లోనూ కొన్నింటికి ఇదే మహిమ ఉందని తేలింది. పేరు మాత్రం మనకే దక్కింది!

పాత పెళ్లి శుభలేఖ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అడ్డదిడ్డపు ఇంగ్లిష్ గుర్తులు కనిపించాయా? ఫైలు పాడవలేదు! అది అను ఫాంట్లలో కూర్చిన తెలుగు. ఆ ఫాంటు మీ సిస్టమ్‌లో లేదు. లోపల ఉన్నవి నిజంగానే ఇంగ్లిష్ గుర్తులు, పైన తెలుగు వేషం! యూనికోడ్‌లో అలా కాదు. మన తెలుగుకంటూ విడిగా 128 గదుల వాడ కట్టారు. ఏ దేశంలో తెరిచినా తెలుగే!

డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ చేయండి. ఇంగ్లిష్‌లో సి, ఓ, ఎన్ అని పేరు పెట్టండి. పెట్టలేరు! “భారతీయులెవరూ ఈ పేరుతో ఫోల్డర్ చేయలేరు” అని ఒకప్పుడు మెయిళ్లు తెగ తిరిగాయి గుర్తుందా? అమెరికావాళ్లూ చేయలేరండీ! డాస్ కాలంలో కీబోర్డుకూ తెరకూ ప్రింటరుకూ పంచిన ఇంటిపేర్లవి. ఇలాంటివి 22 ఉన్నాయి! సొంతదారులు పోయినా పేర్లు ఇంకా ఎవరికీ ఇవ్వడం లేదు!

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంకో వింత! నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లిష్‌లో “బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్” అని కొట్టి, సేవ్ చేసి, మూసి, తెరిస్తే వాక్యం మాయం! దాని బదులు చైనా అక్షరాలు! కుట్ర, కుట్ర అని జనం గగ్గోలు పెట్టారు. కుట్రా లేదు, గిట్రా లేదు! ఆ 18 గుర్తులను నోట్‌ప్యాడ్ రెండేసి చొప్పున జతకట్టి చైనా అక్షరాలనుకుంది. అదే పొడవున్న వేరే వాక్యాలు కొన్ని రాసినా అదే మాయ!

ఎక్సెల్‌కు ఇష్టం వచ్చినట్టు తేదీలు చేసే జబ్బు ఉంది. మన జన్యువుల పేర్లు కొన్ని మార్చ్ 1, సెప్ట్ 1 అని ఉండేవి. కొట్టగానే ఎక్సెల్ వాటిని నెల, తారీకు చేసేసేది! శాస్త్రవేత్తలు చూసి చూసి విసిగిపోయారు. 2020 నాటికి ఏకంగా 27 జన్యువుల పేర్లే మార్చేశారు! అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు. మనిషి మారాడు!

మంగళవారం అప్పివ్వరు. మంగళవారం గోళ్లు తీయరు. మంగళవారం ప్రింట్ కూడా తీయకూడదా? ఉబుంటు కంప్యూటర్ ఉన్న ఓ ఇంట్లో ఇదే జరిగింది! మిగతా రోజులు ప్రింటర్ బాగానే ఉండేది. మంగళవారం మాత్రం కాగితం రాదు! ఇంటావిడ చెబితే మొదట ఎవరు నమ్ముతారు? తవ్వితే నిజమే! ఫైలులో 4 గుర్తులు దాటగానే ఇంగ్లిష్‌లో ‘ట్యూ’ అని వారం పేరు కనిపిస్తే, కంప్యూటర్ ఆ ఫైలును ఇంకేదో రకం అనుకుని పక్కన పడేసేది! శాస్త్రం ఒప్పుకున్న మంగళవారం దోషం ఇదొక్కటే!

ఇలాంటిదే ఇంకోటి. అమెరికాలో ఓ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ విభాగం పెద్దాయన ఫోన్ చేసి, “500 మైళ్లు దాటి మా ఈమెయిల్ వెళ్లడం లేదు” అన్నాడు. కంప్యూటర్లు చూసే ట్రే హారిస్ పకపకా నవ్వాడు. పరీక్షించాక నవ్వు ఆగిపోయింది. నిజంగానే వెళ్లడం లేదు! జవాబు కోసం ఆగాల్సిన గడువు సున్న అయిపోయింది. ఆ సున్నలోనూ మూడు మిల్లీసెకన్లు గడుస్తాయి. అంతలో వెలుగు పోగలిగే దూరం ఐదువందల చిల్లర మైళ్లే! ఫిర్యాదు చేసినవాళ్లు లెక్కలవాళ్లు మరి! మైళ్లు కొలిచి మ్యాపు గీసి మరీ వచ్చారు!

బగ్ అంటే పురుగు కదా! నిజం పురుగే దొరికిన రోజుంది! 1947 సెప్టెంబర్ 9. హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్ మొరాయించింది. లోపల చూస్తే రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు! దాన్ని టేపుతో పుస్తకంలో అతికించి పెట్టారు. ఇప్పటికీ మ్యూజియంలో భద్రం! వర్షాకాలం మా నల్లమల లైట్ల కింద రాలే పురుగులతో ఎన్ని పుస్తకాలు నిండుతాయో!

కంట్రోల్, ఆల్ట్, డిలీట్! ఆ 3 మీటలు ఒకేసారి నొక్కే ఉపాయం ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీది. మొదట వేరే మీట పెట్టాడు. ఒక్క ఎడమ చేతికే మూడూ అందేవి. పొరపాటున తగిలితే పనంతా గంగపాలు! అందుకే మూడోదాన్ని కీబోర్డు అవతలి ఒడ్డుకు పంపాడు. రెండు చేతులూ ఎత్తితే తప్ప కుదిరేది కాదు! దండం పెట్టించుకునే మీటలు!

1998 ఏప్రిల్ 20. వేలమంది ముందు బిల్ గేట్స్ విండోస్ 98 చూపిస్తున్నాడు. పక్కనున్న ఉద్యోగి ఓ స్కానర్ తగిలించాడు. అంతే! పెద్ద తెర నిండా నీలిరంగు! హాలంతా చప్పట్లు, ఈలలు! గేట్స్ కూడా నవ్వేసి, ఇందుకే దీన్ని ఇంకా అమ్మడం లేదన్నట్టు జోకేశాడు. ఆ నీలి తెర కంపెనీకి 2014 నుంచి పెద్ద దిక్కు మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల! ఆయన హయాంలోనే 2025లో విండోస్ 11 నీలి తెర నల్ల తెరైంది. రంగు మారింది. మన గుండె గుభేలుమనడం మారలేదు!

2024 జూలై 19, శుక్రవారం గుర్తుందా? మన ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఓ బుల్లి ఫైలు పంపింది. 78 నిమిషాల్లో తప్పు తెలుసుకుని వెనక్కి లాక్కుంది. అప్పటికే 85 లక్షల కంప్యూటర్లు నీలమయం! 20 గళ్లున్న చోట ఇరవై ఒకటోది వెతకబోయి పడిపోయాయి! హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే ప్రయాణికుడి చేతిలో పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్! కొన్ని యంత్రాలకు మైక్రోసాఫ్ట్ చెప్పిన వైద్యం ఏంటో తెలుసా? 15 సార్లు దాకా రీస్టార్ట్ చేసి చూడండి అని! మన వీధి చివర మెకానిక్ చెప్పేదీ అదేగా!

పోలీసుల కంప్యూటర్లనే బందీ చేస్తే? చేశారు! 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం పోలీసు కంప్యూటర్లకు తాళం వేసింది! విడిపించాలంటే ఒక్కో దానికి 300 డాలర్లు అడిగింది. ప్రపంచమంతా వణికింది! ఆపింది ఎవరు? ఇంగ్లండ్‌లో ఓ కుర్రాడు. వైరస్ లోపల రాసి ఉన్న ఓ పిచ్చి వెబ్‌సైట్ పేరును పది డాలర్ల చిల్లరకు కొన్నాడు. అంతే, అది చల్లబడింది!

ఇది మాత్రం చెవిలో చెప్పాల్సిందే! మీరు రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నారు కదా! నిజంగా ఆగుతోందా? 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే సగం నిద్రే! పొద్దున తొందరగా లేవడం కోసం తన గుండెకాయను డిస్కులో దాచుకుంటుంది. పాత జబ్బు కూడా అందులోనే దాక్కుంటుంది! పూర్తిగా ఆగి లేవాలంటే రీస్టార్టే కొట్టాలి. వారం రోజులు షట్‌డౌన్ చేసినా పోని జబ్బు ఒక్క రీస్టార్ట్‌తో పోయేది అందుకే!

మీ కంప్యూటర్‌కు విండోస్ రోజూ మార్కులు వేస్తోందని తెలుసా? 10కి ఎన్ని అని! వెతికే చోట ఇంగ్లిష్‌లో ‘రిలయబిలిటీ’ అని కొట్టండి. గ్రాఫ్ వస్తుంది. ఏ రోజు ఏది పడిపోయిందో అక్కడ ఎర్ర గుర్తు ఉంటుంది! సరిగ్గా ఆ ముందు రోజు ఏం ఎక్కించారో చూడండి. పదింట తొమ్మిదిసార్లు కాకపోయినా, దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు!

శ్రీశైలంలో శివదీక్ష 41 రోజులు. విండోస్ 95 దీక్ష ఎన్ని రోజులు? 49.7! ఆపకుండా అన్ని రోజులు నడిస్తే బిగుసుకుపోయేది! మిల్లీసెకన్లు లెక్కపెట్టే డబ్బా 429 కోట్ల చిల్లర దగ్గర నిండిపోయేది మరి. ఈ తప్పు బయటపడేసరికి ఏళ్లు పట్టింది. ఎందుకు? విండోస్ 95 అన్ని రోజులు పడిపోకుండా నడిచిన ఇల్లే కరువు!

బోయింగ్ 787 విమానానికీ ఇదే లెక్క! 248 రోజులు కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్లు ఒక్కసారిగా ఆగిపోవచ్చని 2015లో అమెరికా అధికారులు హెచ్చరించారు. మందు? ఆపి ఆన్ చేయడం! విమానమైనా అంతే!

చివరగా ఒకటి! చాలా పాత యంత్రాలు 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. వాటి డబ్బాలో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకన్లే. అది నిండిన మరుక్షణం వాటి తేదీ 1901లోకి దూకుతుంది! కొత్త కంప్యూటర్లకు పెద్ద డబ్బాలు పెట్టేశారు, దిగులు లేదు. అటక మీది పాత రూటరో, దుకాణంలోని పాత కెమెరా పెట్టెనో ఉంటే మాత్రం రాసి పెట్టుకోండి. 2038 జనవరి 19, మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. క్యాలెండర్ తిప్పి చూశాను. ఆ రోజు మంగళవారం!